ఆయుధపూజ నాడు కడిగిన స్నో స్కూటర్

పాకాల గ్రంథాలయంలో పేపరు చదువుకోను వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఏమప్పా, తుపాకీ పేల్చినావా?" శిక్షణలో తప్ప పేల్చలేదు. సైన్యంలో నేను మెకానిక్కుని. ఆ గ్రంథాలయంలో సైన్యం గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివాను. బండిని చలికాలానికి సిద్ధం చేసేవాడి గురించి ఒక్క పేజీ కూడా కనిపించలేదు. ఆ పేజీ నేనే రాసిపెడదామని కూర్చున్నాను. అందులో నా తప్పు ఒకటుంది. దాన్ని కూడా రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

సెప్టెంబరు మొదటి వారం. మధ్యాహ్నం రెండు గంటలకు ట్రక్కు నన్ను లడఖ్‌లోని ఒక లోయలో దించింది. ఎత్తు పదిహేను వేల అడుగులు. చెట్టు లేదు, గడ్డి లేదు. రాళ్లు, గాలి. నా కిట్‌లో రెండు జతల ఉన్ని సాక్సులు, ఒక స్లీపింగ్ బ్యాగు, అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసా. పది అడుగులు నడిస్తే ఆయాసం.

షెడ్డులో ఒక స్నో స్కూటర్ ఉంది. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. రెండోది ఇంజను పగిలి, బాగుచేతకు కింది క్యాంపుకు పోయింది. మంచు పడితే ఏడు కిలోమీటర్ల పైనున్న పోస్టుకు ఇదొక్కటే దారి. షెడ్డు బాధ్యత హవల్దారుది. హిమాచల్ మనిషి. హిందీలో నన్ను "ఆంధ్రా" అని పిలిచేవాడు.

"ఆంధ్రా, మంచు ఎప్పుడైనా చూశావా?"

"పుస్తకంలో చూశాను, ఉస్తాద్."

"సరే. చేతి తొడుగు లేకుండా ఇనుము ముట్టుకోకు. అది పుస్తకంలో ఉందో లేదో."

నిజానికి ఉంది. అదొక్కటే కాదు, నీరు గడ్డకడితే ఉబ్బుతుందని, ఇనప గొట్టాన్ని కూడా చీలుస్తుందని పాకాలలోనే చదివాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాలుగు వారాల పని. పాత పెట్రోలు తోడేశాం. గాలి పీల్చే డబ్బాలో ఎలుక గూడు. ఎవరిదో సాక్సు పీకి కట్టుకుంది. ప్లగ్గులు మార్చాం, పట్టా బిగువు సరిచేశాం, స్కీల అడుగున అరిగిన కడ్డీలు మార్చాం. ఇంగ్లీషు మాన్యువల్‌ను నిఘంటువు పెట్టుకుని మొత్తం చదివాను. రాత్రికి పట్టా నేలకు అతుక్కోకుండా బండిని చెక్కల మీదికి ఎక్కించాలి. అది కూడా చేశాం.

అక్టోబరులో మోకాలి లోతు మంచు పడింది. అప్పుడే ఆయుధపూజ వచ్చింది. హవల్దారు బండికి ఇంకో ఇంజను బెల్టు తేవడానికి కింది క్యాంపుకు పోయాడు. మా నాయనది మామిడికాయలు తోలే మినీ లారీ. ఆయుధపూజ అంటే ముందు దాన్ని తళతళా కడగడమే. నా చేతులకు అదే తెలుసు. మంచు కరగబెట్టి రెండు బకెట్ల వేడినీళ్లతో స్కూటర్ మొత్తం కడిగాను. పసుపు రాశాను, బొట్టు పెట్టాను. నిమ్మకాయలు యాడ దొరుకుతాయి? ఊరగాయ సీసాలోంచి రెండు ముక్కలు తీసి స్కీల కింద పెట్టాను.

రేడియో ఆపరేటర్ది మన నగరి. పవర్‌లూమ్ ఇంటివాడు. చూసి పడీపడీ నవ్వాడు.

"వారెవ్వా! కారం తగిలితే బండి ఇంకా జోరుగా పోతాదిలే అప్పా."

బండి ఊరగాయ మీదుగా హాయిగా పోయింది. సాయంత్రం టార్పాలిన్ కప్పి పడుకున్నాను. హవల్దారు రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చాడు.

మర్నాడు ఉదయం ఆరూ పది. మైనస్ పద్దెనిమిది. పై పోస్టు నర్సింగ్ అసిస్టెంట్ గొంతు రేడియోలో వచ్చింది.

"వంటవాడికి ఊపిరి ఆడటం లేదు. పెదాలు నీలం. ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే ఉంది. పది గంటల దాకా వస్తుంది. ఓవర్."

డాక్టరు మా పోస్టులో ఉన్నాడు. మబ్బుల్లో హెలికాప్టర్ రాదు. మోసుకొస్తే అయిదు గంటలు. స్కూటర్ పోవాలి.

హవల్దారు అలవాటు ప్రకారం ఇంజను వేసే ముందు బొటనవేలితో వేగం పెంచే థ్రాటిల్ మీట నొక్కాడు. కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. రాయిలా ఉంది.

"వేడినీళ్లు పోద్దామా?" అన్నారు ఎవరో.

"నీళ్లా?" హవల్దారు మీట నుంచి ఇంజనుకు పోయే తీగ తొడుగు చివర వేలితో గీకాడు. గోటికి మంచు వచ్చింది. "ఇందులోకి నీళ్లెలా వచ్చాయి?"

నేను ఒక అడుగు ముందుకేశాను. "నేనే, ఉస్తాద్. నిన్న పూజకు కడిగాను."

తిడతాడనుకున్నాను. వాచీ చూసుకున్నాడు. "తిట్లు సాయంత్రం. తీగ విప్పు."

ఆరూ ముప్పై. తొడుగుతో సహా తీగను విప్పి బంకర్లోకి, కిరోసిన్ బుఖారీ పొయ్యి దగ్గరికి తెచ్చాను. మంచు కరిగింది. తీగను బయటికి లాగి, తొడుగు ఊది ఆరబెట్టాను. తిరిగి ఎక్కించబోతే తీగ కొన పోగులు పోగులుగా విచ్చుకుంది. సన్నటి తొడుగులోకి దూరలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. వేరే తీగ లేదు. ఏడు దాటింది.

ఆపరేటర్ హెడ్‌ఫోను ఇంకొకడికిచ్చి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఇట్లా తే. సబ్బు ఉండాదా?"

"సబ్బెందుకు?"

"నువ్వు పుస్తకం చదివినావు, నేను మగ్గం చదివినాను. కొంచెం జరగబ్బా, వెలుతురు అడ్డం."

సబ్బు అద్ది, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒకే వైపు మెలిపెట్టాడు. కొన సూదిలా అయింది. తొడుగులోకి జారింది. అవతలి కొన కనబడగానే నేను పట్టుకున్నాను.

"మా ఇంట్లో దినానికి నూరుసార్లు చేస్తామప్పా ఈ పని," అన్నాడు.

చలికి బిగుసుకోని గ్రీజు పట్టించి బిగించాను. మీట నొక్కితే పోయింది, వదిలితే వచ్చింది. ఏడూ ముప్పై అయిదుకు హవల్దారు వెనక మనిషిని పడుకోబెట్టే స్లెడ్జి తగిలించుకుని బయలుదేరాడు. ఎనిమిదీ పదికి రేడియో పలికింది. "చేరాడు. ఓవర్."

తొమ్మిదీ ఇరవై అయిదుకు కిందికి వచ్చారు. వంటవాడిని డాక్టరు లోపలికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం మూడింటికి అతను కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "పప్పు దించారా? మాడిపోతుంది."

హవల్దారు సాయంత్రం మాట నిలబెట్టుకున్నాడు. అరగంట తిట్టాడు. చివర్లో, "అడగ్గానే ఒప్పుకున్నావు. లేకపోతే కారణం వెతుకుతూ ఇంకో అరగంట పోయేది," అన్నాడు. మరుసటి ఏడు ఆయుధపూజకు బండిని పొడిగుడ్డతో తుడిచాం. తుడిచింది ఆయనే, బొట్టు పెట్టింది నేను.

రెండు చలికాలాలు అక్కడ చేశాను. ఇప్పుడు పాకాల స్టేషను దగ్గర నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. మేలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఇది రాయడానికి తోడుపడినవాళ్లకు నమస్కారం. పుస్తకాలు ఇంటికి ఇచ్చి, గడువు దాటినా విసుక్కోని లైబ్రేరియన్ సుబ్బలక్ష్మి గారికి. రాసిన ప్రతి పేజీ చదివి, "ఈడ గొప్పలు ఎక్కువైనాయి" అని కొట్టేసిన నా భార్య రేవతికి. గంటలూ నిమిషాలూ ఫోనులో సరిచూసిన ఆపరేటర్ మురుగేశానికి. హవల్దార్ దేవీచంద్‌కు.

ఇంకో నలుగురున్నారు. ఏటవాలులో స్లెడ్జి ముందుకు దూకకుండా వెనక తాళ్లు పట్టుకుని దిగిన పై పోస్టు జవాన్లు. ఏటవాలు దాటాక వాళ్లు వెనక్కి పోవచ్చు. పోలేదు. ఏడు కిలోమీటర్లూ దాని వెంట పరుగెత్తుకుంటూ వచ్చారు. స్లెడ్జి ఆగాక కూడా తాళ్లు వదల్లేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి వరసగా వంగి నిలబడ్డారు. అప్పుడే మబ్బు విడిచి ఎండ పడింది. నాలుగు వీపుల మీంచి ఆవిరి లేస్తోంది. అప్పుడు వాళ్ల పేర్లు తెలియవు. తరువాత అడిగి రాసుకున్నాను. బల్బీర్, టాషి, కుల్దీప్, జోసెఫ్.