మానేసిన గోలీలు

నా కాలి వేళ్లు ఎలా పోయాయో నా కూతురికి అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని మోస్తూ ఏళ్లు గడిచాయి. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భార్య రాధ నన్ను వదిలి ఆదిలాబాద్‌లో తన తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. నా నోటి దురుసే కారణం. నేను కరీంనగర్‌లో ఒంటరిగా ఉండిపోయాను. నాకు షుగర్. ఆమె వెళ్లిన మొదట్లో నిజంగానే ఏదీ సహించేది కాదు. చాయ్, మిఠాయి, అంతే. నిద్ర కూడా లేదు. ఆ రోజుల్లోనే పనిచేసే చోట గ్రానైట్ పలక అంచు తగిలి కాలికి పుండైంది. ఎంతకూ మానని ఆ పుండును చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. నాకేమైనా అయితే రాధ రాకుండా ఉంటుందా?

షుగర్ మందు గోలీలు మానేశాను. మరిచిపోయి కాదు. చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మోరీ మురికినీళ్లలో పడేసేవాణ్ని. అది దుఃఖమా, పంతమా? ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

వేళ్లు తీసేశారు.

ఆసుపత్రిలో నా కూతురు లావణ్య నా తల నిమురుతూ అడిగింది. "గోలీలు ఏస్కోలేదా బాపూ?"

"యాదికుంటలేదు బిడ్డా. మీ అవ్వ నన్ను ఇడిసిపోయిన్నుంచి మనసు మనసుల లేదు," అన్నాను.

మరునాడు రాధ వచ్చింది. నేను కోరుకున్నట్టే వచ్చింది. లావణ్య ఆమెను వార్డు గుమ్మంలోనే ఆపేసింది.

"ఇప్పుడెందుకొచ్చినవ్? బాపుకు గిట్లయింది నీ వల్లనే. పో!"

"ఒక్కపారి చూసి పోతనే. జర లోపలికి రానియ్యి."

నేను మేలుకునే ఉన్నాను. కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? నిజం తెలిస్తే బిడ్డ కూడా పోతుందని భయపడ్డాను. రాధ వెళ్లిపోయేదాకా కళ్లు తెరవలేదు.

లావణ్యకిప్పుడు ఒక పాప. ఆ పాప అమ్మమ్మ ముఖం ఎరగదు. రాధ ఫోన్ చేస్తే లావణ్య ఎత్తదు. నా దగ్గరికి మాత్రం వస్తుంది, పాదం కడిగి తుడుస్తుంది. "ఫికర్ చేయకు బాపూ, నేనున్న గద," అంటుంది. ఆ చేతులు తగిలినప్పుడల్లా కాలు వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది.

ఆమె ముందు నాకింకా నోరు రాలేదు. వస్తుందో రాదో. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సినవాళ్లు వేరే ఇద్దరున్నారు. ఇందులో రాధ తప్పేమీ లేదు. ఆమెను రప్పించుకోవడానికి నా ఒంటిని నేనే పాడుచేసుకున్నాను, నింద ఆమె మీద వేశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.