షాకు కొట్టే మడిగె

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో టైలర్ ఖాసీం దుకాణాన్ని ఆనుకుని ఉన్న మడిగెలో స్తుతి అద్దెకు షాపు పెట్టుకుంది. పెండ్లి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సులు, చర్చి మహాసభల పోస్టర్లు, బోనాల బ్యానర్లు, కొంగరకలాన్ వైపు కొత్తగా వెలుస్తున్న ప్లాట్ల కరపత్రాలు, అన్నిటికీ డిజైన్ ఆమే చేస్తుంది. అచ్చు హయత్‌నగర్‌లో వేయిస్తుంది.

ఆమె పని నేర్చుకున్నది కూడా హయత్‌నగర్‌లోనే, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో. అక్కడ కంప్యూటర్ ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకసారి గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా ఆమె సీపీయూ పక్క రేకు విప్పి, ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. కంప్యూటర్ లేచింది. యజమాని సంతోషించకపోగా అందరి ముందూ తిట్టాడు. మౌసు పట్టుకోవడం వరకే నీ పని అన్నాడు. స్తుతి మౌసును బల్లమీద పెట్టి, సంచీ భుజానికి వేసుకుని బయటికి వచ్చేసింది. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఇంట్లో అందరూ తొందరపడ్డావన్నారు. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే ఆమె భర్త ప్రభుదాస్ మాత్రం ఆ మాట అనలేదు. ఆమె ఒక పాత కంప్యూటర్ కొనుక్కొస్తానంటే వెంట వెళ్లి మోసుకొచ్చాడు. దానికి ర్యామ్ పెంచింది, కొత్త డిస్కు వేసింది, రంగులు సరిగ్గా చూపే మానిటర్ తెచ్చుకుంది. ప్రతి శనివారం సీపీయూను గడప మీద పెట్టి, ముక్కుకు చున్నీ కట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము కొట్టేది. చిన్న బ్రష్షుతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచేది. చేసిన ప్రతి పనీ ఇంకో డిస్కులోకి కూడా ఎక్కించేది. ఆ కంప్యూటర్ ఆమెను ఎన్నడూ సతాయించలేదు.

ఇంట్లో చేసే పనిని శ్రీశైలం అనే ఆయన బిల్డింగులోని ఈ మడిగెలోకి మార్చాకే కష్టం మొదలైంది. శ్రీశైలం అప్పుడే పైన ఇంకో అంతస్తు వేసి, ముందు భాగమంతా టైల్స్ పరిపించాడు. చూడ్డానికి కళకళలాడుతున్న బిల్డింగు. ఆ ఎండాకాలం, స్తుతి ఒక పెండ్లి పత్రికకు వధూవరుల పేర్లు తీగలు చుట్టినట్టు గీస్తుండగా, తెర నల్లబడి కంప్యూటర్ దానంతటదే ఆఫై మళ్లీ ఆనయింది. గీసిందంతా పోయింది. మర్నాడు మళ్లీ అదే జరిగింది. ఆ తర్వాత అది రోజువారీ బాధ అయిపోయింది.

ముందు ర్యామ్‌ను అనుమానించింది. తర్వాత వేడిని. ప్రాసెసర్ మీది పేస్టు తుడిచి కొత్తది రాసింది. విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేసింది, తెలుగు ఫాంట్లన్నీ తిరిగి ఎక్కించుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఏం చేసినా మార్పు లేదు. హయత్‌నగర్ నుంచి రితేష్ అనే మెకానిక్‌ను పిలిపిస్తే, అతను కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చాడు, యూపీఎస్ బ్యాటరీ మార్చాడు. కొత్త బ్యాటరీ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. నువ్వు పాత సామాను అంటగట్టినవని స్తుతి అతనితో గొడవ పెట్టుకుంది. నీ కంప్యూటర్‌కు వయసైపోయింది, మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కొమ్మని అతను విసురుగా వెళ్లిపోయాడు.

ఆమె ఆ మాట నమ్మలేదు. సీపీయూ రేకు మీద చెయ్యి వేస్తే జుమ్మంటోంది. మొదట చెమట వల్లనేమో అనుకుంది. ఒకరోజు ఖాసీంతో ఆ మాట అంటే, అతను తన కాళ్ల కింద ఉన్న చెక్కపలక చూపించాడు.

"నా మిషను గూడ గట్లనే కొడ్తది చెల్లె. గందుకే ఈ చెక్కేసుకున్న."

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే స్తుతి కంప్యూటర్‌ను ఇంటికి తెప్పించుకుని పనికి కూర్చుంది. సాయంత్రందాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు. సోమవారం మడిగెలో పెడితే పొద్దెక్కకముందే ఆగింది. ఆమె ఆలోచించి, సీపీయూను చంకన పెట్టుకుని రోడ్డు దాటింది. వెనక ఖాసీం మానిటర్ పట్టుకొచ్చాడు. ఎదుట టీ హోటల్ నడిపే బుగ్గయ్య ఒక బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. తన దగ్గరున్న అన్నిటికంటే బరువైన ఫైలు తెరిచి ఆమె పని మొదలుపెట్టింది. టీ తాగడానికి వచ్చినవాళ్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. కాసేపటికి శ్రీశైలం బిల్డింగులో బోరు మోటారు ఆనయింది. రోడ్డుకు ఆవలి పక్క ఖాసీం దుకాణంలో బల్బు గుడ్డిదై మళ్లీ వెలిగింది. ఇక్కడ కంప్యూటర్ నిశ్చింతగా నడుస్తూనే ఉంది.

స్తుతి రితేష్‌కు ఫోన్ చేసి, దోషం ఈ బిల్డింగు కరెంటులోనే ఉంది, తప్పు నీది కాదు, అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. అతను మీటర్‌తో వచ్చి మడిగెలో ప్లగ్గు పరీక్షించాడు. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ లేదు, బిల్డింగు కరెంటు మెయిన్‌బోర్డులో కూడా ఏదో వదులైంది, తెరిచి చూడాలన్నాడు. మెయిన్‌బోర్డు మెట్ల కింద గదిలో ఉంది. తాళంచెవి శ్రీశైలం దగ్గర ఉంది.

శ్రీశైలం తాళం తియ్యలేదు. బిల్డింగు కొత్తది, దోషం నీ పాత డబ్బాదే అన్నాడు. స్తుతి మళ్లీ మళ్లీ అడిగింది. కరెంటు ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చింది. వస్తామన్నారు గానీ ఎవరూ రాలేదు. ఖాసీంను తోడు రమ్మంటే తల వంచుకున్నాడు. ఇంకో చోట మడిగె దొరకదు, నన్ను ఇందులోకి లాగకమ్మా అన్నాడు. ఆమె అతన్ని తప్పుపట్టలేదు. కానీ తను ఆగిపోవాలని కూడా అనుకోలేదు.

మడిగెలో కూర్చుని ఒక ఫ్లెక్స్ తయారుచేసింది. మధ్యలో కంప్యూటర్ ఆఫైంది. పళ్లు బిగించి మళ్లీ మొదటినుంచి చేసింది. పసుపు రంగు మీద నల్లటి అక్షరాలు, బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపించేంత పెద్దవి: "జాగ్రత్త. ఈ బిల్డింగుకు ఎర్తింగ్ లేదు. ఇనుము ముట్టుకుంటే షాకు కొడుతుంది." కింద తన పేరు, ఫోన్ నంబరు. అచ్చు వేయించి తెచ్చి, స్టూలెక్కి తన షట్టర్ మీద తనే కట్టింది.

మధ్యాహ్నానికి శ్రీశైలం వచ్చి దాన్ని చింపేశాడు. స్తుతి లోపలికి వెళ్లి ఇంకోటి తెచ్చి కట్టింది. చింపుతాడని తెలిసే ఎక్కువ వేయించింది. సందంతా గుమిగూడింది.

"నా బిల్డింగును బద్నాం చేస్తున్నవా? నెలాఖరుకు ఖాళీ చెయ్" అన్నాడు శ్రీశైలం.

"చెయ్య. గా మెట్ల కింది అర్ర తాళం తియ్యన్నా. లోపల ఏమున్నదో అందరం చూద్దాం."

"ఆడిపిల్లవు, కరెంటు సంగతి నీకేం తెల్సు?"

"షాకు కొడ్తదని తెల్సు. నాకు గది సాలు. నువ్వు ఎన్ని చింపితే అన్ని కడ్త."

అప్పుడు ఖాసీం తన దుకాణంలోంచి లేచి వచ్చాడు. చేతిలో ఆ చెక్కపలక ఉంది. దాన్ని శ్రీశైలం ముందు నేల మీద పెట్టి, మిషను ముట్టుకుని చూడమన్నాడు. శ్రీశైలం ముట్టుకోలేదు. పై అంతస్తులో ట్యూషన్ సెంటర్ ఉంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు ఫ్లెక్స్ చదివి మెట్ల దగ్గరే ఆగిపోయారు. ఇనుప రెయిలింగు పట్టుకుని ఎక్కే పిల్లలు మావాళ్లు, తాళం తీసేదాకా పైకి పంపేది లేదని ఒకామె గట్టిగా చెప్పింది. మిగతావాళ్లూ కదల్లేదు.

తాళం తీయక తప్పలేదు. ఆ సాయంత్రమే లైన్‌మ్యాన్ కూడా వచ్చాడు. బోర్డులో న్యూట్రల్ వైరు అతుకు కాలి బొగ్గులా ఉంది, అందుకే కరెంటు నిలకడగా రావట్లేదు. టైల్స్ పరిచేటప్పుడు మేస్త్రీలు ఎర్తింగ్ తీగను తెంపేసి దానిమీదే సిమెంటు పోశారు. ఇన్నాళ్లు ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టమన్నాడు లైన్‌మ్యాన్. కాలిన అతుకు మార్చి, మెరిసే టైల్స్ పగలగొట్టి గుంత తవ్వారు. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోశారు. స్తుతి అక్కడే నిలబడి అంతా చూసింది. పని పూర్తయ్యాక మడిగెలోకి వెళ్లి సీపీయూ రేకు మీద అరచెయ్యి పూర్తిగా ఆనించింది. చల్లటి రేకు తప్ప ఇంకేమీ తగల్లేదు. అప్పుడు మాత్రం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తుడుచుకుని, బయటికొచ్చి ఫ్లెక్స్ విప్పేసింది.

కొన్నాళ్లకు శ్రీశైలం మనిషిని పంపించాడు. ఫ్లెక్స్ తెలియక పొరపాటున రాసినట్టు ఆమె నలుగురిలో ఒక మాట అంటే, మడిగె ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చని కబురు. స్తుతి తెర మీంచి కళ్లు తిప్పకుండా విన్నది.

"పొరపాటు రాయలేదు. అవసరం తీరింది, విప్పేసిన. మళ్ల అవసరమొస్తే మళ్ల కడ్తనని చెప్పు."

కబురు తెచ్చినతను వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆమె ఒక పత్రికలో పెండ్లికూతురు పేరు దిద్దుతోంది. అది అయ్యేదాకా తల ఎత్తలేదు.