ముందు నడిచిన రోజులు

మా తమ్ముడు నా మాట నమ్మడం మానేశాడు. మాట్లాడడం మానలేదు. తిన్నావా అంటే తిన్నానంటాడు, మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాడు. కానీ నేను ఏదైనా చెబుతుంటే వాడి ముఖంలోకి ఒక మర్యాద వచ్చి కూర్చుంటుంది, పరాయివాళ్ల దగ్గర ఉండే మర్యాద. అది చూసినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. తప్పు నాది. అది ఎలా జరిగిందో చెబుతాను.

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక ఆట నేర్చుకున్నాడు. బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడేది. ఒకరు ఒక లోకాన్ని కల్పించి నడిపిస్తారు, మిగతావాళ్లు అందులో తలా ఒక మనిషై తిరుగుతారు. చావూ బతుకూ పాచికలు తేలుస్తాయి. కిడ్నీలు పాడై, ఉద్యోగం వదిలేసి బీదర్‌కు తిరిగొచ్చాక వాడికి వారానికి రెండు రోజులు డయాలసిస్, మిగతా రోజులు మంచం. అప్పుడు నన్ను అడిగాడు.

"అక్కా, నువ్వు నడిపియ్యి. నేను తిరుగుత."

"నాకేమొస్తది రా ఆ ఆట?"

"పటాలు గీస్తవ్ గదా. చాలు."

నేను బడిలో భూగోళం చెబుతాను, కన్నడంలో. పటాలు గీయడం, పిల్లల్ని తిట్టడం, ఈ రెండే నాకు వచ్చిన విద్యలు. వాడు కోరిన లోకానికి రెండోది అక్కర్లేదు. రాజులు వద్దన్నాడు, యుద్ధాలు వద్దన్నాడు, లోకాన్ని కాపాడే పని అసలే వద్దన్నాడు.

"కథ ఒద్దక్కా. జాగా గావాలె. ఎవ్వరు పోని జాగా. మేం పోయి సూస్తం, సూసింది గీసుకుంటం. గంతే."

ఆడేవాళ్ల చేతికి ఖాళీ కాగితం ఇవ్వాలి. దాని మీద ఆరు మూలల గళ్లు తప్ప ఏమీ ఉండకూడదు. ఏ గడిలో ఏముందో నాకు మాత్రమే తెలియాలి. ఒక వేసవి సెలవులన్నీ కూర్చుని నా పటం గీశాను. ఊహ పెద్దగా లేనిదాన్ని కాబట్టి మన నేలనే తెచ్చి పెట్టాను: మా ఊరి నుంచి చిమ్కోడ్ వెళ్లే దారిలో ఉండే ఎర్రమట్టి, తవ్వినప్పుడు మెత్తగా ఉండి ఎండ తగిలితే గట్టిపడే రాయి, ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన నీటి సొరంగాలు. వాటి అవతల ఉప్పు మైదానం, దాని అవతల అడవి, కాగితం చివరన సముద్రం. సముద్రం ఉందని ఎవరికీ చెప్పలేదు.

మొదలుపెట్టే ముందు వాడు ఒక్క షరతు పెట్టాడు.

"నాకు రియాయితీ ఒద్దు. పాచిక ఏమంటె అదే. నేను సస్తే సచ్చినవ్ అని చెప్పు. ఇంట్ల అందరు నన్ను బచాయిస్తనే ఉన్నరు. అమ్మ రిపోర్టులు దాస్తది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి నయమైతది అంటరు. గీ ఒక్క జాగల నిజం ఉండనియ్యి."

"సరే రా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలు అయ్యాక ఆట. చిట్గుప్పలో మొబైళ్లు బాగుచేసే వాడి స్నేహితుడు బస్సులో వచ్చేవాడు. మా పిన్ని కూతురు కుట్టుపని పక్కన పెట్టి వచ్చేది. ఆటలో ప్రతి ఉదయం ఆ రోజు ఎవరు ముందు నడుస్తారో చెప్పాలి. నేను ఒక అట్టముక్క చాటున పాచిక వేస్తాను. ఒకటి పడితే దారిలో ఆపద ఎదురైనట్టు, అది ముందు నడిచేవాడి మీదే పడుతుంది. పటం నింపడం, నోటుబుక్కు రాయడం మా తమ్ముడి పని. ఎవరు ముందున్నారు, ఎండా వానా, సంచుల్లో నీళ్లెన్ని మిగిలాయి, ఏమి ఎదురైంది, అన్నీ రోజువారీగా రాసేవాడు. నీళ్ల విషయంలో వాణ్ని మించినవాడు లేడు. బయట కూడా వాడికి రోజుకు ఇన్ని గ్లాసులే అని లెక్క ఉంది మరి. ఇంట్లో గ్లాసు కొలిస్తే ముఖం మాడ్చుకునేవాడు ఉప్పు మైదానంలో నవ్వుతూ కొలిచేవాడు. ఆ మూడు గంటలు వాడు రోగి కాదు.

మొదటి నెలల్లో నేను మాట మీదే ఉన్నాను. తర్వాత ఒక ఆదివారం వాడు బాగా నీరసంగా ఉన్నాడు. ముందు రోజు డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయింది. అయినా వచ్చి కూర్చుని, "ఇయ్యాల ముందు నేనే" అన్నాడు. పాచిక వేశాను. ఒకటి. ఏ ఆపదో నేను ముందే రాసిపెట్టుకున్న పట్టికలో చూస్తే సొరంగం కప్పు కూలడం అని ఉంది. వాడి మనిషికి అప్పటికే గాయాలున్నాయి. ఇది పడితే చావే. పాచిక మీద అరచెయ్యి పెట్టి, "ఏం రాలే, దారి మంచిగనే ఉంది" అన్నాను. వాడు ఊపిరి వదిలి, పెన్సిల్ తీసుకుని ఆ గడి నింపాడు. ఆ ముఖం చూసి నేను పుణ్యమే చేశాననుకున్నాను.

ఒకసారి చేస్తే అలవాటే. వాడు ముందున్న రోజు ఒకటి పడితే నా చెయ్యి దానంతటదే మూసుకునేది. స్నేహితుడు ముందుంటే మాత్రం నిజం చెప్పేదాన్ని. పాపం, అతని మనిషిని తేళ్లు కుట్టాయి, ఉప్పు పెళ్ల విరిగి నడుంలోతు కూరుకుపోయాడు. "అక్కకు నా మీదనే కోపం" అని నవ్వేవాడు. "నీకు దేవుని దయ ఉంది భాయ్" అని మా తమ్ముణ్ని ఆటపట్టించేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ప్రతి రోజూ నోటుబుక్కులో ఉందని, రాసింది వాడేనని నాకు ఒక్కసారీ తట్టలేదు. పిల్లల కాపీలు పట్టుకునే టీచరమ్మను నేను!

మరుసటి ఏడు వానాకాలంలో వాళ్లు అడవి దాటారు. ఇంకో రెండు గళ్లు నడిస్తే సముద్రం. ఆ ఆదివారం మిగతా ఇద్దరూ ఇంకా రాకముందే వాడు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. తను ముందు నడిచిన రోజులన్నిటి పక్కనా ఎర్ర గీతలు పెట్టి ఉన్నాయి.

"సొరంగం కాడి నుంచి నలబై మూడు దినాలు ముందు నడిచిన. ఒక్క దినం గూడ ఏం రాలే. మా దోస్తు నడిస్తె ఐదారు దినాలకొకటి వస్తుండె."

"అదృష్టం రా" అని నవ్వబోయాను.

"అక్కా" అన్నాడు, అంతే.

ఒప్పుకున్నాను. ఎందుకు చేశానో చెప్పాను, ఏడ్చాను, అట్టముక్క తీసేసి అందరి ముందూ వేస్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. వాడు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"గీ గళ్లల్ల నేను నడువలేదక్కా. నువ్వు ఎత్తుకొని తిప్పినవ్."

పటాన్ని మడిచి నా చేతికిచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వచ్చినవాళ్లకు వాడికి జ్వరమని చెప్పి చాయ్ ఇచ్చి పంపాను. అదీ అబద్ధమే. ఆ తర్వాత మా ఇంట్లో ఆట లేదు.

చలికాలానికి వాడి పరిస్థితి ఇంకా దిగజారింది. కిడ్నీ మార్చడమే దారి అన్నారు. అమ్మకు షుగర్, ఆమెది పనికిరాదు. నేనిస్తానన్నాను. మా ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు, మూడో రోజు సరే అన్నాడు. గ్రూపు కలిసింది. హైదరాబాద్ వెళ్లి నా రక్తం, వాడి రక్తం కలిపి చూసే చివరి పరీక్షకు ఇచ్చి వచ్చాం. ఫలితం కోసం నేనొక్కదాన్నే వెళ్లాను. వాడి రక్తం నాదాన్ని ఒప్పుకోవడం లేదని, నా కిడ్నీ పెట్టినా నిలవదని డాక్టర్ చెప్పాడు. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు వాడికి చెప్పాను. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట తగ్గించలేదు.

వాడు విని తలూపాడు.

"బావ ఒద్దన్నడా అక్కా? అంటే గూడ పర్వాలే. నీకు పిల్లలున్నరు. నేనేమనుకోను."

"లేదు రా. మీ బావ ఒప్పుకున్నడు. కలుస్తలేదంట. డాక్టరే చెప్పిండు."

"నీతోని చెప్పిండు గదా."

సంచీలోంచి రిపోర్టు తీసి వాడి ముందు పెట్టాను. నువ్వే చదువుకో అన్నాను. అరిచాను కూడా. వాడు దాన్ని తెరవలేదు. నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లను ఓదార్చినట్టు నిమిరాడు.

"ఏడ్వకక్కా. నమ్మిన తియ్యి" అన్నాడు, నా ముఖం చూడకుండా.