జంధ్యానికి కట్టిన తాళంచెవి

అనుమానం పెనుభూతం అంటారు. నాకది ఇంటిమనిషి. బీరువా తాళంచెవి జంధ్యానికి కట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లు కాపరం చేశాను. అయినా మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే మా ఆవిడ దాన్ని మెల్లగా విప్పి బీరువా తెరుస్తోందని నా నమ్మకం. అందుకే ముడి వేసే తీరు తరచూ మార్చేవాణ్ణి.

ఓ రోజు బడి నుంచి వస్తూ కాలవగట్టు మీద స్కూటరుతో సహా పడ్డాను. హ్యాండిలు వదల్లేదు. కుడిచేతి బొటనవేలు పక్కకి మెలిపడింది. రాజమండ్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందన్నాడు. తర్వాత రెండు బొటనవేళ్లనీ పట్టుకుని పక్కకి వంచాడు. ఎడమది కొంచెం వెళ్లి ఆగింది. కుడిది ఆగలేదు.

"కీలుని పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగిందండి. కట్టుతో అతుక్కోదు, ఆపరేషన్ చేసి కుట్టాలి. ఆలస్యం చెయ్యకండి," అన్నాడు.

ఎముక బాగున్నప్పుడు కోతెందుకు? ఎక్స్‌రేలో కనపడనిది ఈయనకెలా కనపడింది?

"ఆయన చెప్పినట్టు వినండి," అంది మా ఆవిడ. ఈవిడకెందుకింత తొందర? ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే తాళంచెవి తీసెయ్యమంటారని తెలుసు కాబోలు!

పంటిబిగువున నొప్పి భరించి ఎక్స్‌రేని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక నాటువైద్యుడి దగ్గర, కోడిగుడ్డు సొన వాసన ఓర్చుకుని మరీ కట్టు కట్టించుకుని ఆరు వారాలు ఉంచుకున్నాను. ఆ ఆరు వారాలే నా కొంప ముంచాయి. తెగినచోట కుట్టడానికి అదను దాటిపోయింది. చివరికి ముంజేతిలోంచి నరంలాంటి ముక్క తీసి తెగినచోట అతకాల్సి వచ్చింది. అయినా వేలికి సగం బలమే వచ్చింది.

నాటువైద్యుడి కట్టు విప్పిన రోజే వేలు అతుక్కోలేదని తెలిసింది. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయింది. ఇంకెలా పాఠం చెప్పడమని భయం పట్టుకుంది. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఎక్స్‌రే బీరువాలో ఉంది. జంధ్యంతో సహా వంగి తాళం తిప్పబోతే బొటనవేలు పక్కకి ఒరిగిపోయింది. ఆ మొరటు తాళం ఎడమచేతికి లొంగలేదు.

గత్యంతరం లేక మా ఆవిణ్ణి పిలిచాను. ముడి విప్పడం తెలియక కత్తెరతో దారం కత్తిరించి, తాళంచెవి కన్నంలో పెట్టి, నావైపు చూసింది.

"ఎటు తిప్పాలండీ?" అంది.