భివండీలో మా చిన్నమ్మ మీద పడ్డ నింద

పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ముంబై పక్కనున్న భివండీ వెళ్లాను, అదీ ఒక తువ్వాలు మూలంగా. మా చిన్నమ్మ రాజమణి అక్కడి నార్పోలిలో ఉంటుంది. ముప్పై ఏళ్లు సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, కండెలు చుట్టిన మనిషి. రెండు నెలల క్రితం ఒక పెద్ద దుకాణంలో సరుకులు కొని బయటికి వస్తుంటే గార్డు ఆపి, సంచిలో ఉన్న తువ్వాలు దొంగిలించావన్నాడు. అది ఆమె ఇంటి నుంచి తీసుకెళ్లిన తువ్వాలే. అందరి ముందూ సంచి గుమ్మరించారు, వెనక గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు, ఏముందో చెప్పకుండా ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

"పోనీ బిడ్డా, మర్సిపోత" అంది ఫోన్లో. కానీ వాడవాళ్లు ఊరికి వెళ్లేటప్పుడు నమ్మి ఆమె దగ్గర ఉంచే తాళంచెవులన్నీ తనే తిరిగి ఇచ్చేసిందని తెలిసి ఉండలేకపోయాను. ఆ వారమే ఆమెను ఒప్పించి, భివండీ కోర్టులోని ఉచిత న్యాయ సేవల కమిటీకి పంపాను. కమిటీ ఇరుపక్షాలను పిలిచిన రోజుకు నేనూ బయలుదేరాను.

నిజామాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి కల్యాణ్. అక్కడి నుంచి షేర్ ఆటోలో ముప్పావుగంట. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "మాది సిరిసిల్ల అక్కా. సాంచాలు సగం బందైనయ్, గందుకే ఆటో పట్టిన" అన్నాడు. చిన్నప్పుడు భివండీలో రాత్రంతా సాంచాల మోతలోనే నిద్రపోయేవాళ్లం. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే మెలకువ వచ్చేది. ఆటో శాంతి నగర్ దాటుతుంటే ఆ మోత వినిపించింది. చాలా పలచబడింది, కానీ అదే మోత.

చిన్నమ్మ జొన్నరొట్టె పెట్టింది, తను మాత్రం ముట్టలేదు. "నిజంగనే దొంగదేమో అనుకుంటరు గద, కోర్టుకు పోతే" అంది. పదకొండింటికి మేం కోర్టుకు వెళ్లేసరికి కమిటీ మాకు కేటాయించిన లాయరమ్మ ఎదురొచ్చింది. ఆమె హిందీలో ఓపికగా వివరించింది. అనుమానం ఉంటే దుకాణంవాళ్లు పోలీసులను పిలవాలి. మన ఇష్టం లేకుండా సంచి వెతికే హక్కు గార్డుకు లేదు. బలవంతంగా గదిలో ఉంచితే అక్రమ నిర్బంధమని పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. నలుగురిలో దొంగ అన్నందుకు పరువునష్టం దావా వేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో పరిహారం కోరవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే ఇలా కూర్చుని రాజీ మాట్లాడుకోవచ్చు.

కెమెరా దృశ్యాలు చెరపవద్దని ఆమె మొదటి వారంలోనే దుకాణానికి లేఖ పంపింది. దుకాణం మేనేజర్ వాటిని అందరి ముందూ ల్యాప్‌టాప్‌లో చూపించాడు. చిన్నమ్మ దుకాణంలో అడుగుపెడుతూ అదే తువ్వాలుతో మొహం తుడుచుకుని, మడిచి సంచిలో పెట్టుకోవడం స్పష్టంగా కనిపించింది.  అది చూశాక మేనేజర్, పొరపాటైందంటూ బహుమతి కూపన్ ఇస్తానన్నాడు.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నాకు కూపన్ వద్దు. నలుగుర్ల దొంగ అన్నరు. నలుగుర్లనే కాదని చెప్పుమను."

మేనేజర్ ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం నాలుగింటికి దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర, వరుసలో నిలబడ్డ జనం వింటుండగా, క్షమాపణ లేఖ చదివి సంతకం చేసి ఇచ్చాడు. వేలిముద్ర వేసిన కాగితమూ తిరిగిచ్చాడు. గార్డు తలవంచుకుని "మాఫ్ కరో మౌశీ" అని క్షమాపణ అడిగాడు. ఇకమీదట ఎవరినైనా ఆపేముందు కెమెరా చూడమని చిన్నమ్మ అతనికి హిందీలోనే చెప్పింది. 

తిరిగి ఇంటికి నిజాంపురా బజారు మీదుగా నడిచాం. ఒకప్పుడు ఇక్కడి బట్టల సేఠ్ నాలుగు చీరలు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి నచ్చింది ఉంచుకోండి అనేవాడు. మా పేర్లు, మేం ఏ సాంచాల మీద పనిచేస్తామో అతనికి తెలుసు. ఆ రోజులు తిరిగి రావు. ఇప్పుడు మనమెవరో తెలియని దుకాణాల్లో మన మాటకు సాక్ష్యం మనమే వెతుక్కోవాలి. మీకిలా జరిగితే చదవని కాగితం మీద సంతకం పెట్టకుండా పోలీసు సాయానికి 112కు ఫోన్ చేసి, కెమెరా దృశ్యాలు భద్రపరచమని ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల కమిటీ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. దారిలో నేను 112 సంగతి చెబితే చిన్నమ్మ బజారు మధ్యలో ఆగి, "ముందుగాలనే ఎరుకుంటే, గా రెండు గంటలు ఏడ్సుకుంట కూసోకపోదును" అంది.