ఇరవై అయిదు గంటల రోజు

సెలవు మీద ఇంటికి వస్తే నేను ఒకచోట కూర్చోలేను. ఇది మా ఆవిడ ఫిర్యాదు, నిజమే కూడా. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు దిగుతాను, గ్లాసు చేతిలో ఉండగానే పొందూరు స్టేషన్ దాకా నడిచి వెళ్ళిపోతాను. తిరిగి వచ్చి, ఆవిడ మడతపెట్టిన బట్టల్ని విప్పి మళ్ళీ మడతపెడతాను. దుప్పటి నాలుగు మూలలూ సరిగ్గా కలిసేదాకా వదలను. పద్నాలుగేళ్ళుగా ఓడలో లాండ్రీ పని చేస్తున్నవాడికి ఇలాంటి జబ్బులే వస్తాయి.

ఆ ఓడ అట్లాంటిక్ దాటిస్తుంది. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర జనాన్ని ఎక్కించుకుని ఏడు రోజులకి న్యూయార్క్‌లో దింపుతుంది, అక్కడ మళ్ళీ ఎక్కించుకుని వెనక్కి వస్తుంది. మధ్యలో ఊరు లేదు, రేవు లేదు. దీవులు చూపిస్తూ తిరిగే విహార ఓడలు వేరు. ఈ ఒడ్డు మనిషిని ఆ ఒడ్డుకి చేర్చడమే మా ఓడ పని. ఒకప్పుడు ఆ దారిలో ఇలాంటివి చాలా తిరిగేవట. ఇప్పుడు లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు.

"ఇమానంలో ఏడు గంటల్లో ఎల్లిపోయే దారికి ఏడు రోజులు కూకుంటారేటి, డబ్బులిచ్చి మరీ? నువ్వేమో ఇంట్లో ఏడు నిమసాలు కూకోలేవు" అంటుంది మా ఆవిడ. తను నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది, చిన్నప్పటి నుంచీ దెప్పుతూనే ఉంది.

ఎందుకు కూర్చుంటారో నాకు తెలుసు. నాతో ఎవరూ చెప్పలేదు, పక్క దుప్పట్లు చెప్పాయి. ఓడ బయల్దేరిన మొదటి రోజు కిందకి వచ్చే దుప్పట్లు తాళ్ళలా మెలిపడి ఉంటాయి. రాత్రంతా అటూ ఇటూ దొర్లిన మనుషుల దుప్పట్లు అవి. మూడో రోజుకి ఆ మెలికలు తగ్గుతాయి. అయిదో రోజుకి కొన్ని గదుల దుప్పట్లు ఒక పక్కనే నలిగి వస్తాయి, అంటే ఆ మనిషి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడన్నమాట. ఫోను మోగదు, దిగాల్సిన చోటు రాదు, నీళ్ళు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. అలాంటి నిద్ర కోసమే వాళ్ళు ఓడ ఎక్కుతారు. ఇన్నేళ్ళలో నాకు ఆ ఓడ గురించి కచ్చితంగా తెలిసింది ఇదొక్కటే.

ఈసారి సెలవులో నా అస్థిమితానికి వేరే కారణం ఉంది. నా చొక్కా జేబులో ఒక కాగితం తిరుగుతోంది. ఎక్కువ కాలం పనిచేసిన వాళ్ళు తమ ఇంటావిణ్ణో ఇంటాయన్నో ఒకసారి ఓడలో తీసుకెళ్ళొచ్చు. ప్రయాణికులతో పాటే పై అంతస్తులో చోటిస్తారు. మా ఆవిడ పాస్‌పోర్టూ వీసాలూ కిందటి సెలవులోనే అయిపోయాయి. కాగితం మీద తన సంతకం కూడా అయిపోయింది, పెద్ద పెద్ద అక్షరాలతో, ఒత్తి ఒత్తి. కింద నా సంతకం పడాలి. శుక్రవారం లోపల పంపకపోతే ఈ ఏటికి అవకాశం పోయినట్టే. వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలీదు, ఎందుకంటే అట్లాంటిక్ దాటడం తగ్గించి మా ఓడని కూడా దీవుల వైపు తిప్పుతారని మా వాళ్ళంతా చెప్పుకుంటున్నారు. అంటే ఇప్పుడు సంతకం పెట్టకపోతే ఇంకెప్పుడూ ఉండకపోవచ్చు.

నేను పెట్టడం లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా వైపు వలస వెళ్ళొచ్చినవాడు కష్టం చెప్పకూడదు. హైదరాబాదు మేస్త్రీ పని నుంచి వచ్చినా, చెన్నైలో మూటలు మోసి వచ్చినా ఒకటే పద్ధతి. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాడు, ఎలగున్నాదిరా అని అడుగుతారు, బాగున్నాది అంటాడు. అంతకన్నా ఒక్క ముక్క చెప్పినా ఇంట్లో ఆడవాళ్ళకి అన్నం సహించదని. మా నాన్న అలాగే చెప్పాడు, ఆయన నాన్న కూడా అలాగే చెప్పి ఉంటాడు. మొదటి సెలవులో నేనూ బాగున్నాది అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

ఆ రోజు ఇంట్లో చుట్టాలున్నారు. ఓడ న్యూయార్క్ వైపు వెళ్ళేటప్పుడు గడియారాన్ని ఇంచుమించు రోజూ ఒక గంట వెనక్కి తిప్పుతారని, అందువల్ల దారిలో అయిదు రోజులు ఇరవై అయిదేసి గంటలు వస్తాయని చెప్పాను. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. మా ఆవిడ ఒక్కతే అడిగింది, "మరా ఎక్కువొచ్చిన గంటలో నువ్వేటి సేస్తావు బావా?"

"డెక్కు మీద కుర్చీ ఏసుకుని కూకుని సముద్రం సూత్తాను" అనేశాను.

అది అబద్ధం. లాండ్రీ ఓడ అడుగున ఉంటుంది. కిటికీ అన్నది లేదు. ఆవిరి, ఇస్త్రీ యంత్రాల మోత, సబ్బు వాసన. గడియారం వెనక్కి తిప్పినప్పుడు ఆ గంట ఎవరి డ్యూటీలో పడితే వాడు ఒక గంట ఎక్కువ పని చేస్తాడు. పైవాళ్ళ నిద్రకి కలిసొచ్చిన గంట మా నడుముకి కలుస్తుంది. పనివాళ్ళ కోసం ముందువైపు చిన్న ఖాళీ చోటు ఉంది, అక్కడ సిగరెట్ల గుంపులో నిలబడి అయిదు నిమిషాలు గాలి పీల్చుకోవడమే. పద్నాలుగేళ్ళలో కొన్ని వందలసార్లు అట్లాంటిక్ దాటాను. నేను చూసిన అట్లాంటిక్‌ని ఒకచోట పోగేస్తే ఒక మధ్యాహ్నానికి సరిపోదు.

అబద్ధానికి ప్రతి సెలవులోనూ ఏదో ఒకటి కలుపుతూ వచ్చాను. చెక్క కుర్చీలు వరసగా వేసి ఉంటాయన్నాను. చలేస్తే కాళ్ళ మీద గళ్ళ రగ్గు కప్పుతారన్నాను. ఆ గళ్ళు ఎన్ని రంగులో కూడా చెప్పాను, తప్పు పోలేదు, ఉతికేది నేనే కదా.

ఆవిడ వాటిని నమ్మింది. నమ్మడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. తను నూలు వడుకుతుంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, రాట్నం ముందు కూర్చుంటే చూపు దారం మీంచి కదలకూడదు. కదిలితే తెగుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. "నా సేతులు ఊరికే ఉండడం నేనెప్పుడూ సూణ్ణేదు బావా. ఆ ఓడలో ఒక్క గంట ఆటిని ఒడిలో ఎట్టుకుని కూకుంటాను. పక్క కుర్చీలో నువ్వు కూకో" అంది, సంతకం పెట్టిన రోజు.

పక్క కుర్చీలో నేను. అనుమతి కాగితం లేకుండా పై డెక్కు మీదకి అడుగు పెడితే నా ఉద్యోగం ఉండదు.

బుధవారం పొద్దున్న తనే అంది, "బావనపాడు సముద్రం కాడికి ఎల్దుమా? నీల్ల వేపు సూత్తే తల తిరుగుతాదో నేదో సూసుకోవాల."

సరే అన్నాను. ఇంట్లో ఉండి ఆ కాగితాన్ని తడుముకుంటూ తిరిగే కన్నా ఎక్కడికో ఒకచోటికి పోవడం నయం అనిపించింది. రైలెక్కి నౌపడ దాకా వెళ్ళాం. తను కిటికీ పక్కన కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఈ తలుపు నుంచి ఆ తలుపుకి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. నౌపడలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడుగునా ఉప్పు మడులు, గట్ల మీద ఉప్పు రాశులు. ఎండకి కళ్ళు చిట్లించుకుని తను అడిగింది.

"వచ్చే ఏడు మీ ఓడ ఆ దారినే ఎల్లదంటావా?"

"ఎవులికి తెలుసు. ఆపీస్తారంటన్నారు."

"మా నూలుకీ ఆ మాటే. నేను కొత్తగా రాట్నం ముందు కూకున్నప్పుడే సెప్పినారు, ఇంకెన్నాల్లో ఉండదమ్మా అని. నా కల్లు పోనాయి గానీ నూలు పోనేదు. నెమ్మదిగా అయ్యే సరుకంటే కొనేవోలకి ముద్దు. సేసేవోలకే మెడలిరిగిపోతాయి."

ఓడ గురించి పద్నాలుగేళ్ళలో నేను అనుకోలేకపోయిన మాట అది. తను ఓడని చూడను కూడా లేదు.

భావనపాడు తీరంలో పడవలు లాగి పెట్టి ఉన్నాయి. వలలు బాగుచేసుకునేవాళ్ళు ఒక పక్క నీడలో ఉన్నారు. తను ఇసకలో తువ్వాలు పరుచుకుని, చెప్పులు పక్కన పెట్టి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నవ్వొచ్చింది నాకు. పరీక్షకి తయారయ్యే పిల్లలా ఉంది. ఆ తర్వాత నవ్వు పోయింది. తను నిజంగానే అభ్యాసం చేస్తోంది. వేళ్ళు మాత్రం దారం లేకపోయినా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, తను వాటిని విడదీసి మళ్ళీ ఒడిలో పెడుతోంది.

నేను నీళ్ళ దాకా నడిచాను. వెనక్కి వచ్చాను. మళ్ళీ నడిచాను.

"కూకో బావా. ఓడలో కూకుంటావు కదా."

కూర్చున్నాను. కెరటాలు లెక్కపెట్టాను. లేచాను.

"తల తిరగడం నేదు" అంది తను సంతోషంగా. "కుర్చీలు పక్కపక్కనే ఏత్తారా, దూరం దూరంగానా?"

అక్కడ నా ఓపిక అయిపోయింది. కోపం కూడా వచ్చింది, తన మీద కాదు, ఎవరి మీదో తెలీదు. నిలబడే చెప్పేశాను. కుర్చీ లేదు, నేను ఏనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదు, నా పని ఓడ అడుగున, అక్కడ కిటికీ లేదు, ఎక్కువొచ్చిన గంట ఎక్కువ పని, రగ్గుల రంగులు తెలిసింది ఉతకడం వల్ల. నువ్వు వస్తే పైన ఒక్కదానివే కూర్చోవాలి. అందుకే సంతకం పెట్టలేదు.

తను నీళ్ళకేసే చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. లోపల ఎంత వేడి ఉంటుంది. పక్కన పనిచేసేవాళ్ళెవరు. అన్నం ఎక్కడ తింటావు, ఎవరితో తింటావు. జ్వరం వస్తే ఎవరు చూస్తారు. పద్నాలుగేళ్ళలో అడగాల్సినవన్నీ ఆ ఇసకలో అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"కస్టం సెప్పకూడదని నీకెవులు సెప్పినారు?"

"మీ మేనత్త మొగుడే, మా నాన్న."

"ఆయనా అలగే పోనాడు, ఏటీ సెప్పకుండా. మా అత్త ఇప్పటికీ ఆయన మద్రాసులో సుకంగా ఉండీవోడనే అనుకుంటాది." చెంగుతో మొహం తుడుచుకుంది. "నీ ఇస్టం వచ్చినట్టు కుర్చీలు ఏసీసినావు. నేను ఈడ రాట్నం కాడ కూకుని, పోన్లే, ఒకడైనా కూకున్నాడు గదా అనుకుని వడికినాను."

కాగితం చింపేద్దామని జేబులోంచి తీశాను. తను నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా, దారం పట్టే రెండు వేళ్ళతోనే.

"సింపడానికి నువ్వెవులివి. దాని మీద నా సంతకం ఉన్నాది."

ఆటోలో వెనక్కి వచ్చాం. నౌపడ స్టేషన్‌లో రైలు గంట ఆలస్యం అన్నారు. బల్ల మీద కూర్చున్నాక తను సంచీలోంచి టిఫిను డబ్బా తీసి, మూత నా ఒళ్ళో బోర్లించి, దాని మీద కాగితం పరిచింది.

"ఎట్టు సంతకం. పైన నేనే కూకుంటాను. ఎక్కువొచ్చిన గంట కూడా నేనే కూకుంటాను. నువ్వు పని దిగి, ఆల్ల అనుమతేదో రాయించుకుని నా కాడికి రా. నీల్లు ఏ రంగున్నాదో, ఏటి కనబడినాదో, అన్నీ నీకు నేను సెప్తాను." ఒక్క క్షణం ఆగింది. "నువ్వు నాకు సెప్పినట్టు కాదు బావా. ఉన్నది సెప్తాను."

సంతకం పెట్టాను. మూత ఉబ్బెత్తుగా ఉండడం వల్ల అక్షరాలు వంకర పోయాయి. రైలు రావడానికి ఇంకా గంట ఉంది. తను చేతులు ఒడిలో పెట్టుకుని పట్టాలకేసి చూస్తూ కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. ఆ గంటసేపూ నేను లేవలేదు.