కళ్లు మూసుకుని ఒప్పుకున్న పని

దేవుడికి అన్నీ తెలుసని మా సంఘంలో అందరూ గట్టిగా నమ్ముతారు. అయినా ప్రార్థనకు కూర్చుంటే మాత్రం ఆయనకేమీ తెలియనట్టు పూసగుచ్చి చెబుతారు. ఫలానా బ్లాకులో ఫలానా సహోదరికి గాల్‌బ్లాడరులో రాయి ఉంది ప్రభువా, వాళ్ల అల్లుడికి ఉద్యోగం ఊడింది ప్రభువా... ప్రభువుకు అది పాత వార్తే, తాజాగా వినేది మేము. ఢిల్లీ ద్వారకాలో మా గుమ్మంలోకి తెలుగు పేపరు రాదు. ఆ లోటు నాకెన్నడూ తెలియలేదు.

దీనికి ఒక మర్యాద కూడా ఉంది. ప్రార్థనలో విన్నది విన్నట్టు కాదు. కళ్లు తెరిచాక ఆ ఊసెత్తకూడదు. ఒకరు ప్రార్థిస్తుండగా ఇంకొకరు అడ్డు తగలకూడదు. ఈ రెండు నియమాల మధ్య ఇరుక్కునే నేను నా రిటైర్మెంటు పోగొట్టుకున్నాను.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో మా తెలుగు సంఘం గర్భంలో ఉన్న బిడ్డల కోసం నలభై దినాల చైన్ ప్రేయర్ పెట్టింది. ఏ తల్లీ గర్భం తీయించుకోకుండా, కన్నవాళ్లందరికీ బిడ్డ దీవెన అయ్యేలా రోజంతా ఎవరో ఒకరు ప్రార్థనలో ఉండాలి. గంటలు పంచే బాధ్యత మా పై అంతస్తు ఆంటీది. ఆవిడ నాకంటే నాలుగేళ్లు పెద్ద, కాని ఢిల్లీలో ఎంత వయసువాళ్లకైనా ఎంత వయసువాళ్లయినా ఆంటీయే. 'అన్నయ్య గారు రిటైరయ్యారు, ఎటూ నిద్ర పట్టదు' అని తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు నాకు కేటాయించింది. నిద్ర పట్టకపోవడం ఏమిటి, నాకు పట్టనిదల్లా మెలకువే. మోకాళ్ల మీద మొదలుపెట్టి మోచేతుల మీద ముగించేవాణ్ని. నుదుటి మీద దుప్పటి అంచు అచ్చు చూసి మా ఆవిడ, 'ఇవాళ బాగా భారంతో ప్రార్థించినట్టున్నారు' అనేది.

శనివారం గృహకూడిక మా ఇంట్లో. పాస్టరుగారు పిల్లలు ఎంత పెద్ద దీవెనో చెప్పారు. ఆయన ముగ్గురు దీవెనలూ ఆ సమయానికి మా సోఫా స్ప్రింగుల బలం పరీక్షిస్తున్నారు. తర్వాత గుండ్రంగా కూర్చుని వరసగా ప్రార్థన. మొదట పై అంతస్తు ఆంటీ, ఆమె పక్కన వరంగల్ అమ్మాయి, ఆ పక్కన మా ఆవిడ, నేను, వరంగల్ అమ్మాయి భర్త, చివర పాస్టరుగారు. ఆ అమ్మాయీ అబ్బాయీ మా సొసైటీలోనే ఉంటారు. ఇద్దరివీ గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మూడేళ్ల పాప ఉంది.

ఆంటీ ఎత్తుకుంది. "ఉద్యోగాల మోజులో పడి కడుపులో బిడ్డను వద్దనుకునే తల్లుల కళ్లు తెరువు ప్రభువా!" అని చాలా సేపు కళ్లు తెరిపించి, ఆమెన్ అంది.

వరంగల్ అమ్మాయి వంతు. చున్నీ సర్దుకుంటున్న చప్పుడు వినపడింది. సిగ్గుపడుతోందేమో అనుకున్నాను.

"ప్రభువా, నా కండ్లు తెరిచే ఉన్నయి," అంది. "నాకు రెండో నెల. ఇక్కడ కూసున్నోళ్లంత మంచోళ్లే, నా బిడ్డ పుట్టాలెనని ఎవరికీ తెల్వకుండనే ప్రార్థన జేస్తున్నరు. మరి పుట్టినంక ఎవరు చూస్కుంటరో జర వాళ్లనే అడుగు. పొద్దుగాల తొమ్మిదింటికి నా క్యాబ్ వస్తది, ఇంటికొచ్చేసరికి ఏడయితది. పెద్దదాన్ని క్రెష్‌ల ఏస్తే నెలంత జరమే. మా అమ్మ టీచరు, ఇంక సర్వీసున్నది. అత్తమ్మ మా మరిది పిల్లలతోనే సతమతమైతున్నది. మంగళవారం డాక్టర్ దగ్గర టైం దీసుకున్న. గిదంత నీకు తెలుసు, వీళ్లకు తెల్వదని చెప్తున్న. ఆమెన్."

పాస్టరుగారి దీవెనలు కూడా సోఫా మీద కదలడం మానేశాయి. మర్యాద ప్రకారం ఎవరూ కళ్లు తెరవలేదు. నేను ఒక కన్ను కొంచెం తెరిచాను. మా ఆవిడ తన కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. ఏదో పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడే అలా చుడుతుంది. ద్వారకాలో ఫ్లాటు కొన్న రోజు చూశాను.

"ప్రభువా," అంది మా ఆవిడ, "ఆ అమ్మాయి మాట విన్నావు కదా, మేమూ విన్నాం. మాది గ్రౌండ్ ఫ్లోరే. పొద్దున్న పిల్లలను దింపి సాయంత్రం తీసుకెళ్లమని చెప్పు."

మా ఆవిడ దేవుణ్ని నువ్వు అంటుంది, నన్ను మీరు అంటుంది. పనులు మాత్రం నాకే చెబుతుంది. కాబట్టి ఈ ప్రార్థన ఎటు తిరుగుతుందో నాకు అప్పుడే అర్థమైంది. ఆమె ఆమెన్ అనేలోగా వరస తప్పి వరంగల్ అమ్మాయి మళ్లీ అందుకుంది.

"ప్రభువా, ఇంకొక్క మాట. ఈ ఆంటీకి మోకాళ్ల నొప్పులని పోయిన శనివారమే గద నీకు చెప్పినం."

"మోకాళ్లు నావి ప్రభువా, మావారివి కావు. ఆయన వంగుతారు, లేస్తారు, పొద్దస్తమానం ఖాళీ. ఇంగ్లీషు పేపర్లో టెండరు నోటీసులు కూడా వదలడం లేదు."

"అంకుల్‌కు పిల్లలను ఎత్తుకోవుడు వచ్చునా ప్రభువా?"

"రాదు ప్రభువా. నేర్పిస్తాను."

ప్రార్థనకు అడ్డు తగలకూడదన్న నియమం ఎవరు పెట్టారో కాని, వాళ్లు పెళ్లయినవాళ్లు కారు. నా వంతు వచ్చేసరికి నన్ను ఇచ్చేయడం పూర్తయిపోయింది. అయినా చివరి ప్రయత్నం చేశాను.

"ప్రభువా, నీకు తెలుసు, నేను అయోగ్యుణ్ని. మా ఇద్దరు పిల్లలనూ నేను పెంచలేదు, ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్లే పెరిగి ఉండేవాళ్లు. న్యాపీకి ముందేదో వెనకేదో కూడా..." డొక్కలో మోచెయ్యి తగిలింది. "నేర్చుకుంటాను. ఆమెన్."

ఆ అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, శుక్రవారం నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. ఇంతకుముందు గూడ ఉండె. ఇంట్ల చెప్పలే." భార్య ఊపిరి బుస్సుమనడం గదంతా వినపడింది.

అప్పుడు పై అంతస్తు ఆంటీ, వంతు అయిపోయినా, మళ్లీ నోరు విప్పింది. "సోమవారాలు నేనొస్తాను ప్రభువా. ఇందాకటి మాట... నువ్వే సర్దు." నేనెరిగిన ఆవిడ ప్రార్థనలన్నింటిలో చిన్నది అదే. పాస్టరుగారు ఇంక చేసేది లేక ఆశీర్వాదం ఇచ్చేశారు.

కళ్లు తెరిచాం. మర్యాద మర్యాదే. అందరూ ఉప్మాలో జీడిపప్పు గురించి మాట్లాడుకున్నారు.

ఆ అమ్మాయి మాత్రం మా ఇద్దరి వెనకే వంటింట్లోకి వచ్చింది. "ఆంటీ, ఇందాక చెప్పింది నిజంగనా, ప్రార్థనలనా?"

"ప్రార్థనలో అబద్ధం చెబుతానా అమ్మా?"

"శానమంది చెప్తరు ఆంటీ." నా వైపు తిరిగింది. "అంకుల్, ఆంటీ చెప్పిందని గాదు, మీరు చెప్పుండ్రి. నేనింక ఏం అనుకోలే. మంగళవారం పోతనో పోనో తెల్వదు. నాకోసం ప్రార్థన మీరు పొద్దుగాల చేస్కోండ్రి, గిప్పుడైతే మాట చెప్పుండ్రి."

నలభై ఏళ్ల సర్కారు కొలువులో ఎన్నో ఫైళ్ల మీద 'పరిశీలించబడును' అని రాసిన చేతులు నావి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను. "నాకు రాదమ్మా," అన్నాను. "కాని ఉంటాను. రోజూ ఉంటాను."

తలూపి వెళ్లిపోయింది. అది ఏ తల ఊపుడో మాకు అర్థం కాలేదు.

మంగళవారం పొద్దున్నే బెల్లు మోగింది. ఆ అమ్మాయి పాపతో నిలబడి ఉంది. "అంకుల్, జర మధ్యాహ్నం దాక చూస్తరా? నేను డాక్టర్ దగ్గరికి పోవాలె." ఎందుకని అడగకుండా పాప చెయ్యి అందుకున్నాను. లిఫ్టు పక్కన ఆ అబ్బాయి కారు తాళాలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. వెళ్లిపోయారు.

"ఏ పని మీద వెళ్లినట్టు?" అన్నాను.

"ఏ కబురుతో వచ్చినా ముందు అన్నం పెట్టాలి. మీరు పిల్లను చూడండి," అని మా ఆవిడ కుక్కర్ పెట్టడానికి వెళ్లింది. వెళుతూ వెళుతూ కళ్లు తుడుచుకుంది.

పాపకు తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. "ఏం ఆడుకుందాం తల్లీ?" అంటే, "ఆప్ ఘోడా బనో" అంది. గుర్రాన్నయ్యాను. డ్రాయింగు రూము నుంచి బాల్కనీ దాకా, బాల్కనీ నుంచి డ్రాయింగు రూము దాకా. "తేజ్! తేజ్!" అని వేగం పెంచమంటూ వీపు మీద చరుస్తోంది. సర్కారీ గుర్రం ఎంత చరిచినా సర్కారీ వేగమే. మధ్యలో పాలు తాగించాను, సగం నా చొక్కా తాగింది. చొక్కా మార్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా మళ్లీ ఎక్కేసింది. ప్రార్థన చేద్దామన్నా కుదరలేదు. మోకాళ్ల మీదే ఉన్నాను కాని, మాటలు మాత్రం గుర్రానివి.

ఒంటిగంట దాటాక తలుపు తోసుకుని వచ్చింది ఆ అమ్మాయి. నేను ఇంకా నాలుగు కాళ్ల మీదే ఉన్నాను. మా ఆవిడ గరిటెతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

ఆ అమ్మాయి మమ్మల్ని కాదు, పాపను అడిగింది. "బేటా, అంకుల్ ఎట్లున్నడు?"

పాప ఆలోచించింది. "స్లో హై," అంది. "పర్ ఠీక్ హై." నిదానమే కాని ఫరవాలేదని నాకు సర్టిఫికెట్.

"అచ్ఛా." ఆ అమ్మాయి సోఫాలో కూలబడి, చేతిలో ఉన్న మందుల కవరు పక్కన పెట్టి, చున్నీతో మొహం ఒత్తుకుంది. "స్కాన్ జేసిన్రు ఆంటీ. గుండె గొట్టుకునుడు వినిపిచ్చిన్రు. అక్టోబర్‌ల అంట." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా కొంతసేపు గడిచింది. "భయమైతే అట్లనే ఉన్నది. అంకుల్ మొన్న రాదన్నడు గద, వస్తదని గొప్పలు చెప్తే నమ్మకపోయేదాన్ని, తీపిచ్చుకునేదాన్నేమో."

నా అసమర్థత ఒకరికి పనికొచ్చిన సందర్భం నా సర్వీసు మొత్తంలో అదొక్కటే.

మా ఆవిడ ఆమె పక్కన కూర్చుని తల నిమిరింది. తర్వాత అన్నం వడ్డించమని నాకు కళ్లతో సైగ చేసింది. లేద్దామనుకున్నాను. వీపు మీద పాప నా చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకుని అప్పటికే నిద్రపోయింది. నేనలాగే నాలుగు కాళ్ల మీద ఉండిపోయాను. అన్నం వాళ్లే వడ్డించుకున్నారు.